ఎనిమిదో కాలు

"అది పేలేది కాదు కదా మేడమ్?"

డ్రైవరు అడిగిన మొదటి మాట అది. కాదంది ఆమె. అడగడంలో అతని తప్పేం లేదు. వెనక సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, దాని అంచున అరచెయ్యంత సర్క్యూట్ బోర్డు ఆనించి, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఆ బోర్డు మీది క్లిప్పును నొక్కిపట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఎవరైనా అడుగుతారు. తలుపు వేసుకోవడానికి చెయ్యి ఖాళీ లేకపోతే అతనే దిగి వచ్చి వేశాడు. "మెల్లగా పోనివ్వండి, కుదుపు తగలకూడదు," అంది. ఆ వెంటనే, "తొందరగా వెళ్ళాలి," అంది. "రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి మేడమ్," అన్నాడతను. ఆమె ఆసుపత్రి పేరు చెప్పింది. అతను అద్దంలో ఒకసారి ఆమె మొహం చూసి, ఇంకేం అడక్కుండా బండి తీశాడు.

ఆ బోర్డు మీది చిప్పు గోరంత ఉంటుంది. అటు నాలుగు, ఇటు నాలుగు, ఎనిమిది కాళ్ళు. క్లిప్పు దాన్ని రెండు వైపులా కరిచి పట్టుకుంటే, క్లిప్పు నుంచి వైర్లు ఒక చిన్న పెట్టెలోకి, పెట్టె నుంచి లాప్‌టాప్‌లోకి పోతాయి. లాప్‌టాప్‌లోని ప్రోగ్రాము ఆ దారిన చిప్పులోకి దిగుతూ ఉంటుంది, ఒక్కో ముక్క దిగినప్పుడల్లా తెరమీద ఒక చుక్క పడుతుంది. మామూలు రోజైతే టీ తాగి వచ్చేసరికి అయిపోయే పని. కానీ ఎనిమిదో కాలు మొదలు దగ్గర బీటవారింది. నిన్న సూదితో మకిలి గీకబోయి తనే వంచింది. కరెంటు చిప్పులోకి వెళ్ళేది ఆ కాలిగుండానే. అందుకని వేగం బాగా తగ్గించి, వేళ్ళతో నొక్కిపట్టి రాస్తోంది. వేలు సడలితే చుక్కలు ఆగుతాయి. ఆగితే మళ్ళీ మొదటినుంచి రాయాలి, రాయాలంటే క్లిప్పు ఊడదీసి మళ్ళీ తగిలించాలి, తగిలిస్తే ఆ కాలు చేతికొస్తుంది. ఇంకో బోర్డు లేదు. ఈ రకం బోర్డులు ఇప్పుడెవరూ చెయ్యరు. ఉన్నవన్నీ పాలకేంద్రాల్లో, పాలు చల్లబరిచే ట్యాంకుల పక్కన గోడలకు బిగించి, వాటిని నడిపిస్తూ ఉన్నాయి. తనూ అన్నయ్యా పనిచేసే కార్ఖానాలో మిగిలినవి మూడు. రెండింటిని ఆమె చంపింది. ఇది అన్నయ్య బల్లమీది బోర్డు. మూలన స్క్రూ లేదు, స్క్రూ బదులు అగ్గిపుల్ల దూర్చి ఉంది.

అందుకే వదిన ఫోను వచ్చినప్పుడు లేచి పరిగెత్తలేకపోయింది. అప్పటికే చుక్కలు పడటం మొదలైంది. ఫోను స్పీకరులో పెట్టి, క్లిప్పు వదలకుండానే విన్నది. "వచ్చెయ్. డాక్టరు అందర్నీ పిలిపించుకోమన్నాడు," అంది వదిన. ఏడవలేదు. వదిన గొంతు ఎప్పుడూ కూరగాయల బేరం ఆడుతున్నట్టే ఉంటుంది, ఈ ఆరునెలల్లోనూ మారలేదు. "ఇంకాస్త అయితే అయిపోతుంది వదినా," అని మాత్రం అనగలిగింది. "అయితే అది కూడా పట్టుకుని రా. పొద్దుట్నుంచీ దాన్నే అడుగుతున్నాడు," అంది వదిన. పట్టుకుని రా. పాల పాకెట్టు పట్టుకుని రా అన్నట్టు. తమాషా ఏమిటంటే, తెచ్చేయొచ్చని అప్పటిదాకా ఆమెకు తోచలేదు. చిప్పుకి కావలసిన కరెంటు లాప్‌టాప్ ఇస్తుంది, లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. అంతా కలిపి ఒక ఒడిలో పట్టేంత. స్టోరు చూసే ఆయన సంచిలో బోర్డు తాలూకు అడాప్టరు, ఫోను వేసి ఆమె భుజానికి తగిలించాడు, ముందు నడిచి తలుపులు తీశాడు. మెట్ల దగ్గర, "కిందికి చూడకమ్మా, నేను చెప్తాను, అడుగు, ఇంకో అడుగు," అంటూ దింపాడు. నిండు గిన్నె పట్టుకున్న మనిషిలా ఆమె దిగింది.

బండి బజారు దాటింది. చుక్కలు పడుతున్నాయి. వరస నిండితే కిందికి దిగి ఇంకో వరస. అన్నయ్యకు ఊపిరి కూడా ఇప్పుడు ఇలాగే, ఒకటి, ఆగి, ఒకటి. ఛీ, ఆ పోలిక వద్దు. మొన్న నర్సు ముందు అలాంటి మాటే అనబోతే అన్నయ్యే ఆపాడు. "నన్ను బోర్డుతో పోల్చకే. బోర్డయితే రీసెట్ నొక్కేవాళ్ళు," అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. జబ్బు పేరు ఇంట్లో ఎవరూ అనరు. 'అది' అంటారు. అది తిరగబెట్టింది, అది ఇటు పాకింది. అన్నయ్య ఒక్కడే పూర్తి పేరు పెట్టి పిలిచేవాడు, పక్కింటాయన్ని పిలిచినట్టు.

కార్ఖానాలో అతన్ని మేలుకొలుపు మాస్టారు అనేవాళ్ళు. కరెంటు రాగానే బోర్డులో అందరికంటే ముందు లేచే ప్రోగ్రాము అతను రాసింది కాబట్టి. దాన్ని బూట్‌లోడర్ అంటారని పెళ్ళయిన కొత్తలో వదినకు చెప్తే, "బూట్లు మోసేవాడా?" అంది. అన్నయ్య వంటగది గట్టు మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. "ఇంట్లో అందరికంటే ముందు లేచేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదా, లేచి, దీపం వేసి, నీళ్ళు పట్టి, పొయ్యి వెలిగించి, ఏ గదిలో ఏముందో చూసుకుని, అప్పుడు మిగతావాళ్ళని లేపుతారే, అది." "అంటే నేను," అంది వదిన, చపాతీ కర్ర ఆపకుండా. "నువ్వే." "మరి లేపాక ఏం చేస్తుంది?" "ఇంటి తాళాలు పెద్దవాడికి అప్పజెప్పి వెళ్ళిపోతుంది. ఆ పెద్దవాడు ఓఎస్, ఇల్లంతా నడిపేది అదే. మళ్ళీ వెనక్కి రాదు. అది కూర్చున్న చోటు కూడా మిగతావాళ్ళు వాడేసుకుంటారు." వదిన ఆగింది. "అయితే నేను కాదులే. నేనెక్కడికీ పోను," అంది. అప్పుడు ముగ్గురూ నవ్వారు. గట్టు మీద పిండి అన్నయ్య ప్యాంటుకు అంటుకుంది, వెనక రెండు తెల్లటి గుండ్రాలు, అలాగే కార్ఖానాకు వచ్చాడు, రోజంతా ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో.

గతుకు. బండి ముందు చక్రాలు దిగి లేచాయి. ఆమె మోచెయ్యి పక్కటెముకకు కొట్టుకుంది. తెర మీద చుక్క ఆగింది. బొటనవేలి కింద ప్లాస్టిక్కు వెచ్చగా ఉంది. కాలు విరిగిందేమో, అంతే అయిపోయిందేమో, ఇక ఖాళీ చేతులతో వెళ్ళి ఏం చెప్తాను. చుక్క పడింది. మరొకటి పడింది. "సారీ మేడమ్, కనబళ్ళేదు," అన్నాడు డ్రైవరు. "మా ఆవిడ కాన్పుకి కూడా ఇంత భయంగా తోల్లేదు నేను." ఆమె నవ్విందో లేదో ఆమెకే తెలియదు.

పాత ఓఎస్‌ను చేసినవాళ్ళు దాన్ని వదిలేశారు. లోపం బయటపడితే సరిదిద్దే దిక్కు లేదు. కొత్తది ఎక్కించాలి. ఎక్కించడం అంటే కొత్తది తెచ్చి చిప్పులో పోయడం కాదని ఆమెకు ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నాకే పూర్తిగా తెలిసింది. కొత్త పెద్దమనిషికి పట్టింపులు ఎక్కువ, అన్నాడు అన్నయ్య, ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ. తను వచ్చేసరికి మెమరీ సిద్ధంగా ఉండాలి. బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో ఒక పట్టిక రాసి, అది ఎక్కడ పెట్టామో చేతికివ్వాలి. మధ్యలో పిలుపులు రాకూడదు, తలుపులన్నీ మూసి ఉండాలి. మాట బయటికి రావడానికి ఒక వైరు తెరిచి ఉంచాలి, లేకపోతే లోపల ఏం జరిగినా మనకు వినపడదు. తన పాత లోడరు ఇవేవీ చెయ్యదు. అది పాత ఓఎస్ అలవాట్లకు తగ్గట్టు రాసింది. "దాన్ని తీసెయ్యాలి," అన్నాడు. తన పనితనం గురించి అంటున్నట్టు కాదు, అరిగిపోయిన చెప్పు గురించి అన్నట్టు. "నువ్వు రాయి కొత్తది. మెమరీ లేపే భాగం మాత్రం నాది ఉంచుకో, ఆ చిప్పుకి మెల్లిగా చెప్పాలి, గట్టిగా అడిగితే లేవదు." ఆమె రాసింది. కార్ఖానాలో రాయడం, సాయంత్రం మంచం దగ్గర చదివి వినిపించడం. అతను కళ్ళు మూసుకుని వినేవాడు, నిద్రపోయాడనుకుని ఆపితే, "ఊఁ, తర్వాత," అనేవాడు.

మొదటి బోర్డు లేవలేదు. రెండోదీ లేవలేదు. కరెంటు ఇస్తే దీపం వెలుగుతుంది, అంతే. అక్షరం బయటికి రాదు. తను రాసిందాంట్లో తప్పు వెతికింది, ప్రతి వాక్యం. వేడిగాలితో చిప్పులు ఊడదీసి వేరేవి పెట్టబోయింది, చిప్పుతోపాటు కింది రాగి గీతలు లేచివచ్చాయి. రెండు బోర్డులూ పనికిరాకుండా పోయాక అన్నయ్యకు చెప్పింది. అతను తిట్టలేదు. "ఎక్కడ రాశావు?" అన్నాడు. "చిప్పులోనే." "చిప్పులో ఎక్కడ?" "మొదట్నుంచి." అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆ మొదలు మనది కాదమ్మా. ప్రాసెసరు పుట్టుకతో తెచ్చుకున్న బుద్ధి ఒకటి ఉంటుంది, అది అక్కడ చూడదు. కొంత వదిలి, ఆ తర్వాత చూస్తుంది. మనం అక్కడ ఉండాలి." తను రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. తలుపు తట్టాల్సిన ఇంటికి ముందిల్లు తట్టింది. అందుకు రెండు బోర్డులు. "నాకు చెప్పాల్సింది," అంది ఆమె. ఆ మాట గొంతు దాటాక తెలిసింది, ఎంత నిష్ఠూరంగా వచ్చిందో. "ఇన్నేళ్ళు అది నా చేత్తోనే రాశాను కదే. చెప్పాలని తోచలేదు," అన్నాడు అన్నయ్య. "ఇంకా ఏం చెప్పకుండా ఉండిపోయానో."

ఆ మాట దగ్గరే ఆమె రోజూ ఆగిపోతోంది. ఇంకా ఏం చెప్పకుండా. రేపు కొత్త బోర్డుల కంపెనీవాళ్ళు వస్తున్నారు. ఇది లేస్తే గోడల మీది పాత బోర్డులు అక్కడే ఉంటాయి, లేవకపోతే అన్నీ పీకి పాతసామాన్లలో పడేస్తారు. యజమాని మెత్తటి మనిషి, "మీ అన్నగారి మీద గౌరవం లేక కాదమ్మా," అని మొదలుపెట్టి అదే మాట చెప్పాడు. నిజానికి ఆమె ఇప్పుడు పట్టుకుని వెళ్తున్నది యజమాని కోసం కాదు. ప్రతి సాయంత్రం గదిలో అడుగు పెట్టగానే, చెప్పులు విడవకముందే, అన్నయ్య ఒకటే అడుగుతున్నాడు. "లేచిందా?" ప్రతి సాయంత్రం ఇంకా లేదంటోంది. మొన్న ఆ మాట అనగానే అతని మొహంలో ఏదో సద్దుమణిగింది, అయితే రేపటిదాకా ఉండాలి అన్నట్టు. అది చూశాక ఆమెకు ఒక పాడు ఆలోచన వచ్చింది. లేవకపోతేనే నయమేమో. లేవనన్ని రోజులు అడుగుతూ ఉంటాడు. అందుకేనా నిన్న సూది అంత గట్టిగా నొక్కింది? కాదు. చెయ్యి జారింది. చెయ్యి జారిందంతే.

సంచిలో ఫోను మోగింది.

సంచి పక్క సీట్లోనే ఉంది. కుడిచెయ్యి లాప్‌టాప్ మూతను పట్టుకుని ఉంది, ఒక్క క్షణం వదిలితే పడిపోయేదేం కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఫోను మోగుతోంది. "ఎత్తమంటారా మేడమ్? బండి పక్కకు తీస్తాను," అన్నాడు డ్రైవరు. "వద్దు," అంది. "ఇంట్లోవాళ్ళేమో." "ఇంట్లోవాళ్ళే." ఆగిపోయింది. బయట ఎవరో ఒకాయన నిచ్చెన వేసి దుకాణం బోర్డు తుడుస్తున్నాడు, స్కూలు పిల్లలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. రెండు వీధులు దాటాక మళ్ళీ మోగింది. ఇందాకటికంటే ఎక్కువసేపు మోగింది. ఈసారి డ్రైవరు అడగలేదు. వదిన అయితే ఒకసారి ఎత్తకపోతే మళ్ళీ చెయ్యదు, విసుక్కుని ఊరుకుంటుంది. రెండోసారి చేసిందంటే. ఆమె ఆలోచన అక్కడిదాకా వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి పోలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. చూపుడువేలి కొస తెల్లబడింది. చుక్క, చుక్క. ఎత్తనంతసేపు అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు, దిండు నడుముకి ఆనించుకుని. పాలకేంద్రంలో మొదటి బోర్డు బిగించిన రోజు కూడా ఇలాగే కూర్చున్నాడు, తిరగేసిన పాల క్యాను మీద. బోర్డు పనిచేస్తోందో లేదో తెలియాలంటే కరెంటు పోయి రావాలి. కరెంటు పోదు. మిగతా రోజుల్లో పూటకోసారి పోయేది ఆరోజు పోదు. "పాలు విరిగితే నీ పేరు చెప్తాం బాబూ," అని పాలవాళ్ళు వేళాకోళం చేస్తున్నారు. మెయిను తీసేసి చూడొచ్చు కదా అన్నయ్యా అంటే వద్దన్నాడు, దానంతటది పోయి, దానంతటది రావాలి, మనం చేస్తే అది పరీక్ష కాదు. సాయంత్రం ఎప్పుడో పోయింది. చీకట్లో పాలవాళ్ళు కూడా మాటలు ఆపారు. కరెంటు వచ్చింది. అందరూ బోర్డు వైపు చూస్తున్నారు, అన్నయ్య మాత్రం చూడటం లేదు, గోడ వైపు తిరిగి వింటున్నాడు. ట్యాంకులో తెడ్డు తిరగడం మొదలైన చప్పుడు. అప్పుడు ఇటు తిరిగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తను పక్కనే ఉండి ఏమంది? ఆకలేస్తోంది, ఇంటికి పోదామా అంది. అంతే అంది.

"వచ్చేశాం మేడమ్," అన్నాడు డ్రైవరు. గేటు దాటించి, మెట్లకు దగ్గరగా, ఎంతో నెమ్మదిగా ఆపాడు.

వదిన మెట్ల మీద నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో అన్నయ్య కళ్ళజోడు, మడిచి ఉంది. బండిని చూసి దిగి వచ్చింది, అటు తలుపు తీసి ఆమె పక్కన కూర్చుంది, ఒడిలో ఉన్నదాన్ని చూసింది.

"ఫోను ఎత్తలేదేం?"

"చెయ్యి ఖాళీ లేదు వదినా."

"ఊఁ." వదిన కళ్ళజోడు సంచి మీద పెట్టింది. "రెండోసారి చేసింది చెప్దామనే. మొదటిసారి ఆయనే చెయ్యమన్నాడు. లేచిందా అని అడగమన్నాడు."

తెర మీద చుక్క పడింది. ఇంకా రెండు వరసలు ఉన్నాయి.

"నువ్వు ఎత్తలేదు. ఆయన నా మొహంకేసి చూస్తున్నాడు. లేచిందట అని చెప్పేశాను." వదిన గొంతు అదే గొంతు, ఒక్కచోట మాత్రం గీసుకుపోయింది. "ఎలా లేచింది అన్నాడు. బాగా లేచిందట అన్నాను. నాకేం తెలుసు ఎలా లేస్తుందో. సరే అన్నాడు. అంతే."

డ్రైవరు ముందుసీట్లో కదలకుండా కూర్చున్నాడు. ఆసుపత్రి లోపలినుంచి ఎవరో తోపుడు మంచం తీసుకొచ్చి, ఖాళీగా, మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. ఆమె ఏడుపు భుజాల దాకా వచ్చింది. భుజం కదిలితే మోచెయ్యి కదులుతుంది, మోచెయ్యి కదిలితే వేలు కదులుతుంది. ఆమె పళ్ళు బిగబట్టింది.

"అబద్ధం చెప్పి పంపించానే ఆయన్ని," అంది వదిన. "ఇప్పుడది లేవాలి. నువ్వు పైకి వెళ్ళి చూసి రా, తర్వాత ఆసుపత్రివాళ్ళు తీసుకుపోతారు. ఎక్కడ పట్టుకోవాలో నాకు చూపించు."

"నీ వల్ల కాదు వదినా. కొంచెం అటూ ఇటూ అయినా."

"ఎక్కడ?"

ఆమె చెప్పింది. ముందు బొటనవేలు ఆనించు. నా వేలి పక్కనే, ఇంకా కిందికి. గోరు కాదు, మెత్తటి వైపు. ఇప్పుడు చూపుడువేలు. నొక్కు, ఇంకొంచెం, చాలు. ఇప్పుడు నా వేలు తీస్తాను, నువ్వు కదలకు. వదిన వేళ్ళు చల్లగా ఉన్నాయి. అన్నయ్య చెయ్యి పట్టుకుని ఉన్న వేళ్ళు. ఆమె ఒక వేలు తీసింది. చుక్క పడింది. రెండోది తీసింది. చాలాసేపు ఏమీ పడలేదు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చుక్క పడింది.

"వెళ్ళు," అంది వదిన. "లాప్‌టాపు నా కాళ్ళమీదకి జరిపి వెళ్ళు."

జరిపింది. దిగింది. డ్రైవరు అద్దంలోంచి వదిన చేతుల వైపు చూసి, ఇంజను ఆపేశాడు.